మనం వెయ్యని చీటీ

పని ఏమిటంటే

సంఘం కాగితాల్లో నా ఉద్యోగం పేరు 'స్త్రీల సేవకురాలు'. జనం నోట్లో మాత్రం 'ప్రార్థనమ్మ గారు'. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఆదివారం గుళ్ళో మాట్లాడతారు. మిగతా వారమంతా ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది విని, ప్రార్థన చేసి రావడం మా పని. నేను ఈ పని దివిసీమలో మొదలుపెట్టాను, గుడివాడలో ఎక్కువ కాలం చేశాను, బందరు పక్కన పెడనలో ముగించాను. ఇప్పుడు బందరులోనే ఒక చిన్న వాటాలో ఉంటున్నాను. మోకాళ్ళు అరిగిపోయాయి. మోకరించి మోకరించి అరిగాయని మా సంఘంలో గొప్పగా చెప్పుకుంటారు. ఒంటి బరువు వల్ల అరిగాయని డాక్టరు చెప్పాడు.

ఈ మధ్య ఇదే పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు వచ్చి, "అమ్మగారూ, మీ అనుభవంలోంచి మాకేమైనా చెప్పండి" అన్నారు. నోటితో చెబితే అన్నిటికీ "ఆమేన్" అని వెళ్ళిపోతారు. అందుకని రాస్తున్నాను. పాట ఎత్తుకోవడం, వాక్యం చెప్పడం, చావింట్లో ఎంతసేపు కూర్చోవాలి అన్నవి ట్రైనింగులో నేర్పుతారు. నేర్పనిది ఒకటుంది. ఏ ఇంటికి వెళ్ళినా, టీ గ్లాసు చేతికిచ్చాక, ఆ ఇల్లాలు కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగే ప్రశ్న అది.

"అమ్మగారూ, ఇది దేవుని చిత్తమేనంటారా?"

ఆపరేషను చేయించుకోమంటున్నారు, దేవుని చిత్తమేనా? పిల్లవాణ్ణి కువైట్ పంపమంటున్నారు, దేవుని చిత్తమేనా? గేదెని అమ్మేద్దామంటున్నాడు మా ఆయన, చిత్తమేనా? జవాబు మన దగ్గర ఉందని వాళ్ళు అనుకుంటారు. కొన్నాళ్ళకి మనమూ అలాగే అనుకోవడం మొదలుపెడతాం. ఈ ఉద్యోగంలో అంటుకునే జబ్బు అదే. నాతో పనిచేసినవాళ్ళలో చాలామందికి అంటుకుంది, ఇద్దరు ముగ్గురికే తగ్గింది.

దివిసీమలో దీవెనమ్మ గారు

నా మొదటి పోస్టింగు నాగాయలంక దగ్గర సముద్రం వైపు ఊరు. నా పైన దీవెనమ్మ గారని ఒక పెద్దావిడ ఉండేది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఎవరిమీదో విసుక్కుంటున్నట్టే ఉండేది. ఆవిడ దగ్గర నేర్చుకున్నంత నేను ట్రైనింగులో నేర్చుకోలేదు.

"ఇంట్లోకి వెళ్ళగానే ముందు పొయ్యి చూడు. వెలుగుతోందా లేదా. వెలక్కపోతే వాక్యం తర్వాత" అనేది.

ఒకసారి గట్టి గాలివాన వచ్చి మార్తమ్మ అనే చేపలమ్ముకునే ఆవిడ ఇంటి కప్పు మొత్తం లేచిపోయింది. పట్నం నుంచి ఒక ప్రసంగీకుడు పరామర్శకి వచ్చాడు. తెల్ల ప్యాంటు బురదకి తగలకుండా పైకి పట్టుకుని నిలబడి, "ఇదంతా దేవుని చిత్తం తల్లీ. సణుక్కోకూడదు" అన్నాడు.

"సణగట్లేదండీ. తాటాకు ఎవరు తెచ్చిపెడతారా అని చూస్తన్నా" అంది మార్తమ్మ.

ఆయన వెంటనే ప్రార్థన మొదలుపెట్టాడు. దీవెనమ్మ గారు కళ్ళు మూసుకోలేదు. ప్రార్థన సగంలో ఉండగానే లేచి, పక్కింటి మగవాళ్ళని కేకేసి, తాటాకు కోసం ఒక మనిషిని పురమాయించింది. తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా ప్రార్థనలోనే ఉన్నాడు.

ఇంటికి నడిచి వస్తూ ఆవిడ నాతో ఒక మాట అంది. "దేవుని చిత్తం అన్న మాట ఎవరి నష్టానికి వాళ్ళు అనుకోవాలే. పక్కవాళ్ళ నష్టానికి మనం అనకూడదు. మార్తమ్మ అనుకుంటే అది విశ్వాసం. ఆయన అంటే పని తప్పించుకోవడం." నా ఉద్యోగం మొత్తంలో నాకు అక్కరకొచ్చిన బోధ ఇది. నిజానికి కప్పు వేసిన సాయంత్రం మార్తమ్మే, "ఆయన చిత్తం ఎలాగుంటే అలాగవుద్ది" అంది. ఆ మాట ఆవిడ నోట్లో ఎంత బాగుందో.

గుడివాడలో వాగ్దానాల డబ్బా

మన సంఘాల్లో కొత్త సంవత్సరం నాడు వాగ్దానపు కార్డు తీసే అలవాటు ఉంది కదా. ఆరాధన అయ్యాక ఒక డబ్బా తిప్పుతారు. అందరూ కళ్ళు మూసుకుని అందులోంచి ఒక కార్డు తీసుకుంటారు. దానిమీద ఉన్న వాక్యం ఆ ఏడాదికి దేవుడు తనకిచ్చిన మాట అని నమ్మి గోడకి అంటించుకుంటారు. ఇప్పుడు కార్డులు అచ్చువేసి విజయవాడలో అమ్ముతున్నారు. అప్పట్లో డిసెంబరు వస్తే డ్రాయింగు షీటు ముక్కలుగా కోసి, వాక్యాలు ఏరి, గుండ్రంగా రాసేది నేనే. డబ్బా కూడా నాదే. బిస్కట్ల రేకు డబ్బాకి బంగారు రంగు కాగితం చుట్టాను.

మొదటి ఏడాది నేను అన్ని రకాల వాక్యాలూ రాశాను. కాపాడతాను, హెచ్చిస్తాను అన్నవి ఎలాగూ రాశాను. వాటితో పాటు అబద్ధమాడొద్దన్నవి, పొరుగువాడి దగ్గర లాక్కున్నది తిరిగిచ్చెయ్యమన్నవి, నోరు అదుపులో పెట్టుకోమన్నవి కూడా రాశాను. అప్పటి మా అయ్యగారు మంచాయనే, కానీ మెత్తన. కార్డులు తిరగేసి, "ఏడాది మొదట్లోనే ఇవేంటమ్మా, సంఘంలో షావుకార్లున్నారు" అని చేదువన్నీ ఏరి పక్కన పెట్టేశారు. మిగిలినవన్నీ తీపివే. ఆయన హయాం అంతా అలాగే నడిచింది.

ఒక బట్టలకొట్టు ఆయనకి ఇల్లు కట్టడం గురించిన వాక్యం వచ్చింది. అది చూసుకుని, పాత గోడలు ఆగవని మేస్త్రీ మొత్తుకుంటున్నా వినకుండా పై అంతస్తు లేపాడు. కింద గోడ ఇంత వెడల్పున నెర్రె విచ్చింది. మళ్ళీ డిసెంబర్లో నా దగ్గరికొచ్చి, "అమ్మగారూ, ఈసారి కాస్త మంచి కార్డు రాయండి" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనుషులకి కార్డులో ఆశ దొరకడం నాకు అభ్యంతరం కాదు. ఆశ లేకపోతే ఈ డెల్టాలో ఎవరు మాత్రం నాట్లు వేస్తారు? కానీ ఆ డబ్బాలో కార్డులు వేసేదాన్ని నేను. అయ్యగారు తీసేసినవి అందులోంచి ఎవరి చేతికీ రావని నాకు తెలుసు. ఆ సంగతి నాకు పెడనలో అవసరమైంది.

పెడనలో దేవసహాయం గారు

దేవసహాయం గారు పెడన సంఘంలో పెద్ద. కలంకారీ అద్దకం షెడ్డు ఉంది. చెక్క అచ్చులతో బట్టమీద బొమ్మలు వేయించి, ఉడకబెట్టించి, కాలవ నీళ్ళలో జాడింపించేవాడు. మాట తప్పని మనిషి. కూలీలతో పాటు తనూ నిలబడి అచ్చు వేసేవాడు. ఆయన భార్య ఎలీశమ్మ నెమ్మదస్తురాలు. వాళ్ళకి ఒక్కతే కూతురు, ప్రసన్న. అచ్చులు చెక్కేవాళ్ళకి కాగితం మీద పువ్వులూ తీగలూ గీసి ఇచ్చేది. గుళ్ళో చిన్నపిల్లలకి ఆదివారం బడి చెప్పేది. తక్కువ మాటల పిల్ల.

దేవసహాయం గారికి ఒక అలవాటు ఉంది. ముఖ్యమైన విషయం ఏదైనా చీటీలు వేసి తేల్చుకుంటాడు. కుర్రతనంలో హైదరాబాదులో ఉద్యోగమా, పెడనలో అద్దకమా అని చీటీలు వేస్తే అద్దకం వచ్చింది. ఇక్కడే ఉండిపోయాడు, బాగుపడ్డాడు. అప్పట్నుంచీ ఉపవాసం ఉండి, ప్రార్థన చేసి, చీటీ తీస్తే అది దేవుడి నోటి మాటే ఆయనకి. ఆ అలవాటుని నేను ఎగతాళి చెయ్యను. సొంత ఇష్టాన్ని పక్కన పెట్టడానికి ఆయనకి తెలిసిన మార్గం అది.

ప్రసన్నకి రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి గుడివాడలో స్కూలు మాస్టారు, వినయ్ అని. ఇంకొకటి ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీలో పనిచేసే అబ్బాయి. చీటీలు వేసే రోజున నన్ను ప్రార్థనకి పిలిచారు. ఆయన ముందుగదిలో ఉపవాస ప్రార్థనలో ఉంటే, నేను వంటింట్లో ఎలీశమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడ టీ కాస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"పిల్లకి ఫిట్స్ ఉన్నాయండి అమ్మగారూ. చిన్నప్పుడు షెడ్డులో బానల దగ్గర పడిపోయింది. విజయవాడలో చూపిస్తన్నాం. మాత్రలు వాడుతుంటే రావట్లేదు. పెళ్ళి చెయ్యొచ్చన్నాడు డాక్టరు."

"వాళ్ళకి చెప్పారా?"

"ఏ వైపూ చెప్పలేదండి. ఆయన వద్దన్నారు. చెప్తే ఎవరొస్తారు?"

"ప్రసన్న ఏమంటోంది?"

"దాన్నేం అడుగుతాం? చెప్పేద్దాం నాన్నా అని ఒకసారి అంది. దేవుడు చూసుకుంటాడు లేమ్మా అన్నారాయన."

ఇంతలో పిలుపు వచ్చింది. దేవసహాయం గారు స్టీలు గిన్నెలో రెండు చీటీలు మడిచి వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థనలో కపటం లేదు. చీటీ తీసి విప్పాడు. "గుడివాడ" అని రాసి ఉంది. "స్తోత్రం" అన్నాడు. ప్రసన్న గోడకి ఆనుకుని నిలబడి ఆ గిన్నె వైపే చూస్తోంది.

వంటింట్లో విన్న మాట ఇంకో వంటింటికి మొయ్యకూడదు. ఈ ఉద్యోగంలో ఇది మొదటి నియమం. దీన్ని తప్పినవాళ్ళు ఎంత పాటగత్తెలైనా పనికిరారు. కానీ విన్న మాట గురించి ఆ ఇంటివాళ్ళతోనే మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా. మర్నాడు షెడ్డుకి వెళ్ళాను. ఆయన అచ్చు వేస్తున్నాడు.

"అబ్బాయి వాళ్ళకి చెప్పెయ్యండి బాబుగారూ. పెళ్ళయ్యాక తెలిస్తే ప్రసన్న గతేంటి?" అన్నాను.

"నేను దాచలేదమ్మగారూ. దేవుడికి తెలుసు గదా. తెలిసే ఆ చీటీ ఇచ్చాడు. అంటే పిల్లకి ఇక ఆ బాధ ఉండదని అర్థం."

"మాత్రలు మాన్పిస్తారా అయితే?"

ఆయన అచ్చు ఎత్తి రంగులో అద్దాడు. "మీరు సేవకురాలై ఉండి ఇలా మాట్లాడితే ఎలాగండీ? అచ్చు పడ్డాక చెరపలేం. చీటీ వచ్చేసింది" అని బట్టమీద వేసి చేత్తో ఒక్క గుద్దు గుద్దాడు. ఆ రోజుకి ఆయనతో మాట అయిపోయింది.

అక్కణ్ణుంచి పెడన అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఫలానా అని చెప్పకుండా, పెళ్ళికి ముందు రెండు వైపులవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి పెట్టమని అడిగాను. "మన సంఘంలో ఎప్పుడూ లేదుగదమ్మా" అన్నారు. ఎప్పుడూ లేకపోవడం మా అయ్యగార్లందరికీ బలమైన కారణం.

మూడు ఆదివారాలు

పెళ్ళి కుదిరాక మూడు ఆదివారాలు గుళ్ళో ప్రకటన చదవాలి. ఫలానా వారి అమ్మాయికీ ఫలానా వారి అబ్బాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయవలెను అని. అబ్బాయి సంఘంలోనూ అవే ఆదివారాలు చదువుతారు. నేను సంఘాల్లో పనిచేసిన కాలమంతా ఆ ప్రకటనలు వింటూనే ఉన్నాను. ఎవరూ లేచిన పాపాన పోలేదు. అయ్యగారు "తెలియజేయవలెను" అంటూనే తర్వాతి కాగితం తీస్తారు.

మొదటి ఆదివారం చదివారు. జనం దేవసహాయం గారితో చేతులు కలిపి అభినందించారు. రెండో ఆదివారం చదివారు. ఆ వారం మధ్యలో ప్రసన్న మా ఇంటికి వచ్చింది. చీరల మాటో, పాటల మాటో అనుకున్నాను.

"అమ్మగారూ, ప్రకటనలో అభ్యంతరం అంటారు గదా. ఎలాంటి అభ్యంతరం?"

"ఇదివరకే పెళ్ళయిందనో, ఇష్టం లేకుండా చేస్తున్నారనో, ఏదో దాచిపెట్టి చేస్తున్నారనో" అన్నాను.

"ఎవరు చెప్పొచ్చు?"

"ఎవరైనా."

"పెళ్ళికూతురు కూడానా?"

అంతకుముందు నన్ను అలా ఎవరూ అడగలేదు. "కూడదని ఎక్కడా లేదు" అన్నాను చివరికి.

"అమ్మ మీకు చెప్పిందంట గదా. మీరే వాళ్ళకి చెప్పెయ్యొచ్చుగా అమ్మగారూ."

"చెప్పను. అది నీ ఒంటి సంగతి. నా నోటితో వెళ్తే చాడీ అవుతుంది. నువ్వు చెప్పదల్చుకుంటే మాత్రం నీ పక్కన నిలబడతాను."

"చెప్పమంటారా?"

ఇదిగో, ఇక్కడే ఆ జబ్బు మనకి అంటుకునేది. దేవుని చిత్తం ఇదీ అని నేను అంటే ఆ పిల్ల చేసేసేది. వాళ్ళ నాన్నకి స్టీలు గిన్నె ఎంతో, ఈ పిల్లకి నేను అంత అయ్యేదాన్ని. "నువ్వు ప్రార్థన చేసుకుంటున్నావుగా. ఏమనిపిస్తోంది?" అని అడిగాను.

"నాన్న ప్రార్థనలో నిశ్చింతగా ఉన్నారు. నేను కళ్ళు మూసుకుంటే వినయ్ గారి అమ్మే కనపడుతున్నారు. ఆవిడ ఫోన్‌లో నన్ను 'అమ్మా' అని పిలుస్తుంటే సిగ్గేస్తోంది" అంది. లేచి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మీద నాకు జాలి వేసింది. భయమూ వేసింది. ఇలాంటి సంగతి ఒకసారి గుళ్ళో బయటపడితే ఆ ఊళ్ళో ఆడపిల్ల బతుకు ఏమవుతుందో నాకు తెలుసు.

మూడో ఆదివారం గుడి నిండా జనం. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు చాపల మీద కూర్చున్నారు. దేవసహాయం గారు ముందు పెద్దల వరసలో ఉన్నాడు. అయ్యగారు ప్రకటన చదివి, "తెలియజేయవలెను" అని, స్త్రీల సమాజం కూడిక ఎప్పుడో చెప్పడానికి ఇంకో కాగితం తీశారు.

ప్రసన్న లేచింది. "నాకు అభ్యంతరం ఉందండి" అంది.

అయ్యగారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. "కూర్చోమ్మా. ఇది నీ పెళ్ళే" అన్నారు. వెనకెవరో కిసుక్కుమన్నారు.

"అందుకేనండి." ఆ పిల్ల ముసుగు కొస గట్టిగా పట్టుకుంది. గొంతు మాత్రం పిల్లలకి పాఠం చెప్పేటప్పటి గొంతే. "నాకు ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వాడుతున్నాను. ఇప్పుడు రావట్లేదు. అబ్బాయి వాళ్ళకి ఈ సంగతి చెప్పలేదు. వాళ్ళకి తెలిశాక కూడా ఇష్టమైతే నాకు ఏ అభ్యంతరం లేదు. తెలియకుండా చేసుకోవడమే నాకు అభ్యంతరం."

నేను లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాను. మోకాళ్ళు అప్పటికే సరిగ్గా లేవు, లేవడానికి కాస్త సమయం పట్టింది. దేవసహాయం గారు వెనక్కి తిరగలేదు. మెడ మీద నరం మాత్రం కనపడుతోంది. ఎలీశమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అయ్యగారు కాసేపు కాగితాన్నీ, ప్రసన్ననీ మార్చి మార్చి చూసి, "ప్రార్థన చేద్దాం" అన్నారు. ఏం చెయ్యాలో తోచనప్పుడు మా వాళ్ళంతా కళ్ళు మూస్తారు. ఆ రోజు ఆయన్ని తప్పు పట్టను. నాకూ ఏమీ తోచలేదు.

వెయ్యని చీటీ

ఆ మధ్యాహ్నమే అయ్యగారు గుడివాడకి ఫోను చేశారు. అబ్బాయి వాళ్ళు మర్యాదగానే విరమించుకున్నారు. వాళ్ళు జబ్బుకి భయపడ్డారో, దాచినందుకు నొచ్చుకున్నారో నాకు తెలియదు. ఏదైనా వాళ్ళది తప్పనను. వాళ్ళని అడక్కుండా వాళ్ళ తరఫున దేవుణ్ణి అడిగేశాం మనం.

దేవసహాయం గారు సంఘ పెద్ద పదవి వదులుకుని, గుళ్ళో చివరి చాప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. కూతురితో మాటలు లేవు. అన్నం వడ్డిస్తే తింటాడు, లేకపోతే లేదు. ఊళ్ళో మాత్రం మాటలకి కొదవ లేదు. దేవుడి చిత్తానికి ఎదురు తిరిగిందన్నారు, తండ్రి పరువు తీసిందన్నారు. అలా అన్నవాళ్ళలోనే ఇద్దరు తల్లులు విడివిడిగా నా దగ్గరికొచ్చి, విజయవాడలో ఆ డాక్టరు ఎక్కడుంటాడని గుసగుసగా అడిగారు. వాళ్ళ పిల్లల సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. ప్రసన్న ఆ ఆదివారం ఎవరికి దారి తెరిచిందో ఆ పిల్లకీ తెలియదు.

చాలా నెలల తర్వాత దేవసహాయం గారు మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నేను కళ్ళు మూసుకుని నిజంగానే అడిగానమ్మగారూ. ఆయన ఆ చీటీ ఎందుకు రానిచ్చాడు?"

"నాకు తెలియదండి" అన్నాను. కొత్తగా వచ్చే అమ్మాయిలకి చెప్తున్నాను, ఈ రెండు మాటలు బాగా నేర్చుకోండి. రోజూ అవసరమవుతాయి. తర్వాత ఆయనకి గుడివాడలో నా బిస్కట్ల డబ్బా సంగతి చెప్పాను. చేదు వాక్యాలు ఏరి పక్కన పెట్టడం, మిగిలినవే అందరి చేతికీ రావడం. ఆయన అద్దకం మనిషి, అచ్చులో చెక్కనిది బట్టమీద పడదని తెలుసు, వెంటనే పట్టుకున్నాడు.

"నేను రెండే వేశాను" అన్నాడు.

"రెండే వేశారు. ముందు నిజం చెప్పు అన్నది మీరు వెయ్యలేదు. గిన్నెలో లేని మాట ఆయన గిన్నెలోంచి ఎలా ఇస్తాడు?"

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "పిల్ల చెప్పింది గదా. చెప్పేద్దాం నాన్నా అని. చీటీలు వెయ్యకముందే చెప్పింది" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. నేను ప్రార్థన చెయ్యలేదు, ఓదార్చలేదు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ప్రసన్నని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తిన్నాడని ఎలీశమ్మ చెప్పింది.

ఆ తర్వాత వచ్చిన సంబంధాలకి ఆయన చీటీలు వెయ్యలేదు. వచ్చినవాళ్ళు కుర్చీల్లో సర్దుకున్నారో లేదో, టీ కూడా రాకముందే, నిలబడి చెప్పేసేవాడు. "మా అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయండి. మాత్రలు వాడుతుంది. ఇది తెలిశాక మిగతావి మాట్లాడుకుందాం." మొదట వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళారు. తర్వాత వచ్చినవాళ్ళు తాగకుండానే వెళ్ళారు. ప్రతిసారీ నన్ను పిలిచేవాడు. ప్రతిసారీ నేను ఎలీశమ్మ పక్కన కూర్చుని, వాళ్ళ చెప్పుల చప్పుడు గేటు దాటేదాకా వినేదాన్ని. ప్రసన్న లోపలికి వెళ్ళి తీగలు గీసుకునేది. మంచి పని చేస్తే మంచే జరుగుతుందని మీరు జనానికి చెప్పబోయేటప్పుడు ఆ చప్పుడు గుర్తు చేసుకోండి.

ఆఖరుగా అవనిగడ్డ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి బస్సు డ్రైవరు, అబ్బాయి ఫోటో స్టూడియో నడుపుతాడు. తల్లి లావుపాటి మనిషి, ఎండలో వచ్చి ఆయాసపడుతోంది. దేవసహాయం గారు ఎప్పటిలాగే నిలబడి చెప్పేశాడు. అబ్బాయి తండ్రి అబ్బాయి వైపు చూశాడు. అబ్బాయి తల్లి వైపు చూశాడు. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, గుమ్మంలో నిలబడ్డ ప్రసన్నని ఎగాదిగా చూసింది. నేను చెప్పుల చప్పుడు కోసం సిద్ధంగా ఉన్నాను.

"రాత్రి మాత్ర ఏ వేళకి వేసుకుంటావమ్మా?" అని అడిగింది.

"ఎనిమిదింటికండి. ఏదైనా తిని వేసుకోవాలి."

"మా ఇంట్లో ఆయన బస్సు దిగి వచ్చేసరికి తొమ్మిది దాటుద్ది. అప్పటిదాకా ఎవరం తినం." ఆవిడ మళ్ళీ మొహం తుడుచుకుంది. "ఏం పర్లేదులే, నీకు ముందు పెట్టేస్తాను."

టీలు వచ్చాయి, అందరూ తాగారు. మాట ఖాయం చేసేముందు ప్రార్థన చెయ్యడం ఆనవాయితీ. దేవసహాయం గారు కూతురి వైపే చూస్తూ ఆ సంగతి మర్చిపోయాడు. నేనూ గుర్తు చెయ్యలేదు.